బండి రాకముందే బిల్లా?

2019 జూలై 18న కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళం గాలినౌకలను నిలిపిన ఓ బ్రహ్మాండమైన హ్యాంగర్‌లో, జనరల్ మోటార్స్‌కు చెందిన షెవ్రొలే సంస్థ ఎనిమిదో తరం కార్వెట్ స్పోర్ట్స్ కారును జనం ముందుకు తెచ్చింది. అందులో అన్నిటికన్నా పెద్ద విశేషం ఇంజిన్ ఉన్న చోటు. ముందు బానెట్ కింద కాకుండా డ్రైవర్ వీపు వెనక పెట్టారు. కార్లంటే పెద్దగా పట్టనివాళ్లకు ఇదేం గొప్ప అనిపించవచ్చు. అమెరికాలోని కార్వెట్ అభిమానులు మాత్రం ఈ ఒక్క మార్పు కోసం సుమారు 60 ఏళ్లు కళ్లు కాయలు కాచేలా చూశారు.

ఆ కోరిక మొదట పుట్టింది అభిమానుల్లో కాదు, కంపెనీలోని ఓ ఇంజినీరులో. పేరు జోరా ఆర్కస్ డంటోవ్. 1953 జనవరిలో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ ప్రదర్శించిన తొలి కార్వెట్‌ను చూసి ఆయన ముచ్చటపడ్డాడు. తీరా లోపల చూస్తే ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండే గేర్ల ఆటోమేటిక్. ఇంత అందానికి ఇంత నీరసమా అనిపించింది. కంపెనీకి ఉత్తరం రాశాడు, అదే ఏడాది ఉద్యోగంలో చేరాడు. 1960లో ఇంజిన్‌ను డ్రైవర్ వెనక అమర్చి సెర్వ్-1 అనే ప్రయోగ వాహనం తయారుచేశాడు, 1964లో సెర్వ్-2. ఆ తర్వాత ఎక్స్‌పీ-882, ఏరోవెట్, 1986లో కార్వెట్ ఇండీ, 1990లో సెర్వ్-3 వరసగా వచ్చాయి. వచ్చినప్పుడల్లా ‘రేపటి కార్వెట్ ఇదే’నన్న కబురు పుట్టేది. ఏరోవెట్ అయితే ఇక ఫ్యాక్టరీ గడప దాటడమే తరువాయి అన్నంత దూరం వచ్చి ఆగిపోయింది. డంటోవ్ 1975లో రిటైరయ్యాడు, 1996లో కన్నుమూశాడు. తాను కోరిన కార్వెట్‌ను షోరూమ్‌లో చూసే యోగం ఆయనకు లేకపోయింది.

ఇంతకీ ఇంజిన్ వెనక ఉంటే ఒరిగేదేమిటి? ఎనిమిదో తరం వచ్చేనాటికి కార్వెట్‌లను నడిపేది వెనక చక్రాలే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే బండి బరువు వెనక్కి ఒరుగుతుంది. ఇంజిన్ కూడా అటువైపే ఉంటే ఆ చక్రాలు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. ముందుంటే పవర్ పెంచేకొద్దీ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి రబ్బరు తగలెయ్యడమే మిగులుతుంది. ఏడో తరం కార్వెట్ మోడల్ జెడ్‌ఆర్1లో 755 హార్స్‌పవర్ దాకా వెళ్లేసరికి పాత అమరిక నుంచి ఇక పిండుకునేది పెద్దగా మిగల్లేదు. డంటోవ్ పట్టుదల వెనకున్నది మోజు కాదు, లెక్క.

2014 నుంచి ఊహాగానాలకు రెక్కలొచ్చాయి. ‘జోరా’ అన్న పేరును ట్రేడ్‌మార్క్ చేసుకోవడానికి జనరల్ మోటార్స్ దరఖాస్తు పెట్టిందని తెలియగానే కొత్త బండికి ఆ పేరేనని సగం మంది తేల్చేశారు. కంపెనీ దాగుడుమూతలు కంపెనీవి. తొలి పరీక్షా వాహనానికి ‘బ్లాక్‌జాక్’ అని గుప్తనామం పెట్టి, ఆస్ట్రేలియాలోని తమ హోల్డెన్ కంపెనీ పికప్ రూపం తొడిగి తిప్పింది. స్పోర్ట్స్ కారు కోసం వెతికే కళ్లు సామాన్ల బండి మీద ఎందుకు నిలుస్తాయి? అసలు ఆకారం సిద్ధమయ్యాక నలుపు తెలుపు సుడుల స్టిక్కర్లు చుట్టారు. ఆ సుడులు బండిని దాచవు, దాని వంపులను దాస్తాయి. ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ నొక్కుకుందో కన్నూ కెమెరా రెండూ పోల్చుకోలేవు. అయినా టెస్ట్ ట్రాక్‌ల దగ్గర మాటు వేసే ఫొటోగ్రాఫర్లు పట్టిన బొమ్మల్లోంచి గాలి రంధ్రాలు లెక్కపెట్టి, ఇంజిన్ చప్పుడు విని సిలిండర్లెన్నో చెప్పే మహానుభావులు పుట్టుకొచ్చారు. చివరికి 2019 ఏప్రిల్‌లో కంపెనీ అధినేత మేరీ బారా, చీఫ్ ఇంజినీర్ టాడ్జ్ జుక్టర్ ఆ స్టిక్కర్ల బండిలోనే న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో తిరిగారు. ఆవిష్కరణ తేదీ కారు తలుపు మీదే రాసి ఉంది. మన సినిమావాళ్ల ఫస్ట్‌లుక్, టీజర్, ట్రైలర్ వరసకు ఇది ఏమాత్రం తీసిపోదు.

తెర లేచాక ఊహించినవాళ్లలో చాలామంది నాలుక కరుచుకున్నారు. పేరు జోరా కాదు, పాత కార్వెట్లకు పెట్టిన స్టింగ్‌రేయే. లక్ష డాలర్లు దాటుతుందని కొందరు భయపెట్టిన ధర 59,995 డాలర్ల దగ్గర మొదలైంది. మాన్యువల్ గేర్‌బాక్స్ అసలే లేదు, దానికి అలిగినవాళ్లు ఇప్పటికీ అలకలోనే ఉన్నారు. (వాళ్లు మర్చిపోయినదేమంటే, మొట్టమొదటి కార్వెట్‌లోనూ అది లేదు.) ఇంజిన్ వెనక డిక్కీలో రెండు గోల్ఫ్ బ్యాగులు పట్టేలా చోటు మిగిల్చారు. మూడు సెకన్లలోపు గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకునే యంత్రం గీస్తూ కూడా గోల్ఫ్ ఆడే పెద్దమనుషుల సామాను మరవలేదన్నమాట. కొనేవాళ్లు ఎవరో ఎరిగినవాళ్లు చేసిన పని అది.

ఈ కథలో కొనుగోలుదారుకు కష్టాలు లేవని కాదు. కార్మికుల సమ్మె వల్ల ఉత్పత్తి వెనక్కి జరిగి 2020 ఫిబ్రవరిలో మొదలైంది, నెల తిరగ్గానే కోవిడ్ వచ్చిపడింది. కొందరు డీలర్లు గిరాకీ చూసి ప్రకటించిన ధర మీద అదనంగా బాదారు. అయినా ఒక సంగతి కంపెనీ పక్షాన చెప్పుకోవాలి. 60 ఏళ్ల ఊహలకు కంపెనీ ఎవరి దగ్గరా పైసా వసూలు చెయ్యలేదు. బండి కళ్ల ముందుకొచ్చింది, ధర తెలిసింది, ఆ తర్వాతే కంపెనీ కొనేవాళ్ల జేబు వైపు చూసింది.

టెస్లా కొత్త రోడ్‌స్టర్ సంగతి అలా కాదు. 2017 నవంబర్‌లో కాలిఫోర్నియాలోని హాథోర్న్‌లో ఎలక్ట్రిక్ లారీని ఆవిష్కరించిన టెస్లా అధినేత ఈలాన్ మస్క్, ఆ లారీ కంటైనర్‌లోంచి ఎర్రటి స్పోర్ట్స్ కారును దించి జనాన్ని ఊపేశాడు. 1.9 సెకన్లలో 96 కిలోమీటర్ల వేగం, గంటకు 400 కిలోమీటర్ల పైచిలుకు గరిష్ఠ వేగం, ఒక్క చార్జితో సుమారు వెయ్యి కిలోమీటర్లు అన్నారు. 2020లో వస్తుందన్నారు. రిజర్వేషన్‌కు 50 వేల డాలర్లు. తొలి వెయ్యి కార్ల ప్రత్యేక శ్రేణి కావాలంటే మొత్తం రెండున్నర లక్షల డాలర్లూ ముందే చెల్లించాలి. అప్పటి మారకంలో అది కోటీ 60 లక్షల రూపాయల పైమాటే. 2020 వచ్చింది, వెళ్లింది. గడువు ఏటికేడాది జరుగుతూ పోయింది. 2025 ముగిసేనాటికి ఆ కారు ఒక్క కొనుగోలుదారు చేతికీ అందలేదు.

టెస్లా నిజంగా గొప్ప కార్లు తయారుచేసింది, ఇకముందూ చేయగలదు. కొత్త యంత్రం ఆలస్యం కావడం కూడా వింతేమీ కాదు. తప్పు పట్టాల్సింది అభిమానాన్ని వడ్డీలేని అప్పుగా మార్చిన ఆ పద్ధతిని. బ్యాంకు దగ్గరకు వెళితే పూచీకత్తు అడుగుతుంది, వడ్డీ అడుగుతుంది, వాయిదా తప్పితే నిలదీస్తుంది. అభిమాని అవేమీ అడగడు. పైగా ఆలస్యాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే కంపెనీ తరఫున తానే జవాబు చెబుతాడు.

డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకని తెలుగు పాఠకులు తోసెయ్యాల్సిన పనిలేదు. బుకింగ్ వేడి మనకూ తెలుసు. 2022 జూలై 30న మహీంద్రా స్కార్పియో-ఎన్‌కు అరగంటలో లక్ష బుకింగులు వచ్చాయి. అక్కడ ధరలు ముందే ప్రకటించారు, కట్టించుకున్నది 21 వేల రూపాయల టోకెన్ మాత్రమే. ఇందులో పేచీ పెట్టడానికేమీ లేదు. అసలు నొప్పి తెలిసినవాళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల ‘ప్రీ లాంచ్ ఆఫర్’ బ్రోచర్లు చూసి, పునాది కూడా తియ్యని ఫ్లాట్లకు లక్షలు పోసినవాళ్లు. అలాంటివి చూసే 2016లో స్థిరాస్తి రంగానికి రెరా చట్టం తెచ్చారు. దాని ప్రకారం రిజిస్టర్ చేసిన ఒప్పందం లేకుండా ఫ్లాటు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు మీదే ఖర్చుపెట్టాలి.

ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు పుట్టగొడుగుల్లా వస్తున్న ఈ రోజుల్లో వాహనాల అడ్వాన్సులకూ అలాంటి నిబంధనే ఉండాలి. ధర, సర్టిఫికెట్ చేతికొచ్చిన మైలేజీ లేదా రేంజి, డెలివరీ తేదీ ప్రకటించకముందు తీసుకునే సొమ్ముకు ఓ పరిమితి పెట్టాలి. అది కంపెనీ రోజువారీ ఖర్చుల్లో కలవకుండా విడిగా ఉండాలి. చెప్పిన తేదీ దాటితే వడ్డీతో తిరిగి రావాలి. చట్టం వచ్చేదాకా కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. బుకింగ్ బటన్ నొక్కేముందు రద్దు షరతులు పూర్తిగా చదవండి. ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా లేకపోతే టోకెన్ కట్టకండి.