ఆన్‌లైన్ డిగ్రీ: కోనసీమ నుంచి చేరేవాళ్లు ఏం ఆశించొచ్చు? ఎక్కడ జాగ్రత్తపడాలి?

అమలాపురం: ఇంటర్ తర్వాత పెళ్లై చదువు ఆగిపోయినవాళ్లు, కొబ్బరి వ్యాపారంలోనో బట్టల షాపులోనో పనిచేస్తూ డిగ్రీ లేక వెనకబడ్డామనుకునేవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఇక్కడే ఏదైనా ఉద్యోగం చూసుకోవాలనుకునేవాళ్లు కోనసీమలో ఊరూరా కనిపిస్తారు. ఇప్పుడు వీళ్లందరి ఫోన్లలో ఒకటే ప్రకటన. ఇంట్లో కూర్చుని డిగ్రీ, వాయిదాల్లో ఫీజు, కాలేజీకి వెళ్లక్కర్లేదు. ఇందులో నిజం ఎంత? డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సింది ఏంటి?

ఒక్క మాటలో చెప్పాలంటే, కాగితం మీద ఆన్‌లైన్ డిగ్రీకి రెగ్యులర్ డిగ్రీతో సమాన విలువ ఉంది. కానీ ఆ కాగితం చేతికి రావడం మాత్రం ప్రకటనలో చెప్పినంత తేలిక కాదు.

దూరవిద్య మనకి కొత్త కాదు

ఇంటి దగ్గర నుంచి చదువుకోవడం తెలుగువాళ్లకి యాభై ఏళ్లుగా తెలిసిందే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే తొలి ఓపెన్ యూనివర్సిటీ. దాని మొదటి వైస్ చాన్సలర్ జి.రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో ఏర్పడినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. మన ఓపెన్ యూనివర్సిటీయే తర్వాత డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మారింది.

ఆ పద్ధతికి ప్రాణం స్టడీ సెంటర్. దగ్గరి పట్నంలో ఒక కాలేజీ, సెలవు రోజుల్లో క్లాసులు, చేతికి తెలుగులో అచ్చేసిన పుస్తకాలు, పక్క బెంచీలో తనలాంటి మరో పదిమంది. చదువు మధ్యలో వదిలేయకుండా చాలామందిని నిలబెట్టింది అదే. ఆన్‌లైన్ డిగ్రీలో లేనిది కూడా సరిగ్గా అదే.

రాష్ట్ర విభజన తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. విభజన చట్టం పదో షెడ్యూల్ సంస్థల్లో అదీ ఒకటి. చట్టం చెప్పిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అందుకే అక్కలు, అన్నయ్యలు అక్కడే చదివారు కదా అని గుడ్డిగా వెళ్లకుండా, ఈ ఏడాది మన జిల్లాలో అడ్మిషన్ ఉందో లేదో ముందు కనుక్కోవాలి.

దూరవిద్య వేరు, ఆన్‌లైన్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. 2020 సెప్టెంబరులో యూజీసీ తెచ్చిన నిబంధనలు రెండింటినీ విడివిడిగా చూస్తాయి. దూరవిద్య అంటే పుస్తకాలు, స్టడీ సెంటర్, పరీక్షా కేంద్రం. ఆన్‌లైన్ అంటే వీడియో పాఠాలు, చదవడానికి ఈ-మెటీరియల్, చర్చా వేదిక, స్వయంగా పెట్టుకునే టెస్టులు. అన్నీ ఇంటర్నెట్ మీదే.

ఈ తేడా తెలియకపోతే మోసపోయే చోటు ఒకటుంది. రాష్ట్ర, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు దూరవిద్య కోర్సులను తమ పరిధి దాటి నడపకూడదు. ఆన్‌లైన్ కోర్సుకి ఆ హద్దు లేదు, దేశంలో ఎక్కడివారైనా చేరొచ్చు. ఫ్రాంచైజీ పద్ధతి మాత్రం ఎవరికీ లేదు. కాబట్టి ఉత్తరాదిలో ఎక్కడో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీకి ఇదే స్టడీ సెంటర్ అంటూ అమలాపురంలోనో రాజోలులోనో బోర్డు కనిపిస్తే, అక్కడే ఆగి ఆలోచించాలి. ఒక్క ఏడాదిలో డిగ్రీ, పాత తేదీతో సర్టిఫికెట్, పరీక్ష మేమే రాయిస్తాం అనే మాట వినిపిస్తే ఇక ఆలోచించాల్సిన పని కూడా లేదు, బయటికొచ్చేయడమే. యూజీసీ 2024లో ఇచ్చిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో గుంటూరు, విశాఖ చిరునామాలతో ఉన్న సంస్థలూ ఉన్నాయి. అంటే ఇది ఎక్కడో దూరంగా జరిగే వ్యవహారం కాదు.

గుర్తింపు ఎలా చూసుకోవాలి?

యూజీసీలో దూరవిద్యని చూసే విభాగం డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో. దాని వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఈ మూడూ కలవాలి. యూనివర్సిటీకి మంచి పేరున్నా కోర్సుకి అనుమతి లేకపోవచ్చు. పోయినేడాది ఉన్న అనుమతి ఈ ఏడాది ఉండకపోవచ్చు.

2024 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి డెబ్ ఐడీ తప్పనిసరి అయ్యింది. విద్యార్థి తన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీతో ఆ పోర్టల్‌లో దీన్ని తీసుకోవాలి. ఇది ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిన పని. ఏజెంట్ చేతికి ఆధార్, ఓటీపీ ఇచ్చేసి అన్నీ వాళ్లే చూసుకుంటారులే అనుకుంటే, తర్వాత ఏ కోర్సులో పేరు నమోదైందో కూడా తెలియదు.

కొన్ని కోర్సులు ఈ పద్ధతిలో అసలు చెల్లవు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లా, అగ్రికల్చర్, హోటల్ మేనేజ్‌మెంట్, పీహెచ్‌డీ వంటివి అందులో ఉన్నాయి. 2025 జులై-ఆగస్టు నుంచి సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, న్యూట్రిషన్ కూడా ఆ జాబితాలో చేరాయి. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చూపించింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలపై వేటు పడింది. ఏళ్ల తరబడి ఆ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు చిక్కుల్లో పడ్డారు.

బీఏ, బీకాం, బీబీఏ, బీసీఏ, ఎంఏ, ఎంకాం, ఎంబీఏ, ఎంసీఏ వంటివి మాత్రం అనుమతి ఉన్న సంస్థలో చేస్తే రెగ్యులర్ డిగ్రీతో సమానమే. 2022 సెప్టెంబరులో యూజీసీ ఈ మాట మరోసారి స్పష్టంగా చెప్పింది. ఏదైనా డిగ్రీ చాలనే పోటీ పరీక్షలకు, పై చదువులకు ఇది పనికొస్తుంది. గల్ఫ్‌లో చూపించాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. యూజీసీ గుర్తింపు మన దేశానికే. సర్టిఫికెట్ సమానత్వం విషయంలో ఒక్కో దేశానికి ఒక్కో నిబంధన ఉంటుంది. వెళ్లాలనుకున్న దేశం రూల్ చూసుకున్నాకే ఫీజు కట్టాలి.

వారానికి 25 గంటలు... దొరుకుతాయా?

ప్రకటనల్లో చెప్పని లెక్క ఇది. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక్క క్రెడిట్ అంటే 30 గంటల చదువు. సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు అనుకుంటే 600 గంటలు. 24 వారాలకి పంచితే వారానికి 25 గంటలు, అంటే రోజుకి మూడున్నర గంటలు. పొద్దున్న పిల్లల్ని స్కూలుకి పంపి, మధ్యాహ్నం మిషన్ మీద కూర్చునే అమ్మాయికి ఆ మూడున్నర గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంట్లోవాళ్లు పని పంచుకుంటేనే వస్తాయి. ఇంట్లోనే చదువు అనగానే ఇంటిపని ఆగదు. పైగా ఇంట్లోనే ఉంది కదా అని ఇంకో పని చెప్పేవాళ్లే ఎక్కువ.

ఎవరూ పట్టించుకోని ఆన్‌లైన్ చదువు ఎంత తొందరగా జారిపోతుందో ప్రపంచమంతా చూసింది. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడ్‌ఎక్స్ ఉచిత కోర్సుల మీద 2019లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది సుమారు 3 శాతమే. డబ్బు కట్టి చదివే డిగ్రీని దీంతో నేరుగా పోల్చలేం. కానీ చేరడం తేలికైన చోట వదిలేయడమూ తేలికే అన్నది మాత్రం రెండింటికీ వర్తిస్తుంది. తేడా ఏంటంటే, ఇక్కడ చదువు వదిలేసినా వాయిదాలు ఆగవు. నెలనెలా ఫీజు అని చెప్పేది చాలాసార్లు యూనివర్సిటీ ఇచ్చే వెసులుబాటు కాదు, ఫైనాన్స్ కంపెనీ నుంచి మన పేరు మీద తీసే అప్పు. సంతకం పెట్టేముందు అది ఫీజు కాగితమా, అప్పు కాగితమా అని అడగాలి.

దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకి రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. అందుకే రెగ్యులర్ కాలేజీకి వెళ్లే వీలున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆన్‌లైన్ మొదటి దారి కాకూడదు. అమలాపురంలో ఎస్‌కేబీఆర్ కాలేజీ ఉంది. రాజోలు, కొత్తపేటల్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. తక్కువ ఖర్చుతో, ఎదురుగా లెక్చరర్ ఉండే చదువు ఇక్కడే దొరుకుతున్నప్పుడు అప్పు చేసి ఫోన్‌లో చదవడం దేనికి? ఆన్‌లైన్ అసలు ఎవరి కోసమంటే, ఆ కాలేజీ గేటు దాటే వీలు లేనివాళ్ల కోసం.

వరదొస్తే పరీక్ష ఎలా?

ఆన్‌లైన్ కోర్సుల పరీక్షలు కొన్ని సంస్థలు కేంద్రంలో పెడతాయి, కొన్ని ఇంటి నుంచే కెమెరా నిఘాలో రాయిస్తాయి. రెండో పద్ధతిలో సాధారణంగా ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్, ఆగకుండా వచ్చే నెట్, ఎవరూ రాని గది కావాలి. లంక గ్రామాల్లో ఈ నాలుగూ ఒకేసారి దొరకడం అంత సులువు కాదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎన్నో లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అంతకుముందు అదే ఏడాది మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత కోనసీమలో కొద్దిరోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకే చుక్కలు కనిపించాయి.

కాబట్టి చేరేముందే యూనివర్సిటీని అడగాల్సిన ప్రశ్నలివి. పరీక్ష మధ్యలో కరెంటు పోతే మళ్లీ అవకాశం ఇస్తారా? అందుకు అదనపు ఫీజు ఉందా? కేంద్రంలో అయితే దగ్గరి కేంద్రం ఎక్కడ? అమలాపురం నుంచి రాజమహేంద్రవరం 60 కిలోమీటర్ల పైమాటే, రైలు లేదు. సఖినేటిపల్లి వైపు వాళ్లకి నరసాపురం వెళ్లాలంటే పంటు దాటాలి. ఏటి అవతల సెంటర్ పడితే పరీక్ష కంటే ప్రయాణమే పెద్ద పరీక్ష.

తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకి ఇంకో అడ్డంకి భాష. ఆన్‌లైన్ డిగ్రీల పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. చేరకముందు కేంద్రప్రభుత్వ స్వయం పోర్టల్‌లో అదే సబ్జెక్టు కోర్సు ఒకటి ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఒక్క నెలపాటు రోజూ కూర్చోగలిగారా, పాఠం అర్థమైందా అన్నది అక్కడే తేలిపోతుంది. రూపాయి ఖర్చు లేకుండా దొరికే పరీక్ష ఇది.

ప్రభుత్వం చేయగలిగింది

ఆన్‌లైన్‌లో పోయిన స్టడీ సెంటర్‌ని తిరిగి తేవడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబులు సాయంత్రాలు, ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి. వాటిని ఆన్‌లైన్ విద్యార్థులకి తెరిస్తే నెట్, గది, తోటి విద్యార్థులు ఒకేచోట దొరుకుతాయి. పరీక్షలకు కేంద్రంగానూ పనికొస్తాయి. అడ్మిషన్ల సీజన్‌లో డెబ్ అనుమతుల జాబితాని తెలుగులో సచివాలయాల నోటీసు బోర్డుల మీద పెడితే, చాలా ఇళ్ల డబ్బు ఏజెంట్ల చేతికి పోకుండా ఆగుతుంది.

అప్పటిదాకా జాగ్రత్త చదివేవాళ్లదే. అనుమతి చూసుకుని, గంటలు లెక్కేసుకుని, పరీక్ష ఎక్కడో తెలుసుకుని, ఊళ్లో అదే కోర్సు చదివే మరో ఇద్దరిని తోడు చేసుకున్నవాళ్లకి ఆన్‌లైన్ డిగ్రీ నిజంగానే ఆగిపోయిన చదువుకి దారి చూపిస్తుంది. ఇవేవీ చూడకుండా ఫోన్‌లో కనిపించిన బటన్ నొక్కినవాళ్లకి మిగిలేది వాయిదాల మెసేజ్‌లే.