పుస్తకంలో ఒకటి, పదవిలో ఒకటి

జైల్లో ఉన్న టెర్రరిస్టుల్ని వదిలిపెట్టకూడదని బెంజమిన్ నెతన్యాహు 1995లోనే ఓ పుస్తకంలో రాశాడు. బానే ఉంది. మరి 2011లో ఇజ్రాయెల్ ప్రధానిగా చేసిందేంటి? గిలాద్ షాలిత్ అనే ఒక్క సైనికుడి కోసం 1027 మంది ఖైదీల్ని వదిలాడు. అందులో యాహ్యా సిన్వార్ ఒకడు. 2023 అక్టోబర్ 7 దాడికి ప్రధాన సూత్రధారి. ఆ దాడిలో దాదాపు 1200 మంది పోయారు.

షాలిత్ తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను, వాళ్ళ స్థానంలో ఎవరున్నా అదే అడుగుతారు. కానీ 2018లో ఖతార్ డాలర్లు సూట్‌కేసుల్లో గాజాకి వెళ్తుంటే సరేనన్నదీ ఈయనే కదా! అప్పుడేం బలవంతం వచ్చిందట? డబ్బు ముడితే హమాస్ ఊరుకుంటుందనుకున్నాడు. పైగా 'మిస్టర్ సెక్యూరిటీ' అని పేరొకటి.

ప్రొడక్షన్‌లో చిన్న బగ్ వదిలితే మర్నాడే మాకు సంజాయిషీ తప్పదు. ఈయన మాత్రం 2025 అక్టోబర్‌కి రెండేళ్ళు నిండినా స్టేట్ ఎంక్వైరీ కమిషన్ వెయ్యలేదు.