సంఘం నూలు దుకాణం కాదు

మన చేనేత సహకార సంఘాలలో సర్వసభ్య సమావేశానికి నోటీసు పంపితే ఎక్కువమంది సభ్యులు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆనాడు నూలు ఇస్తారా?" ఇస్తామంటే వస్తారు. లేదంటే, "మీరంతా ఉన్నారుగదా, కానివ్వండి" అంటారు. నూలూ మజూరీ ముఖ్యమైనవే, కాదనను. కాని సభ్యుడు సంఘాన్ని నూలు దుకాణంగా చూచిననాడు సంఘం కూడా అతనిని బేరగానిగానే చూస్తుంది, యజమానిగా చూడదు.

సహకారోద్యమం మేడలలో పుట్టినది కాదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది సామాన్యులు తలకొక పౌను వేసుకొని దుకాణం తెరిచారు. వారిలో నేతపనివారూ ఉన్నారు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు అన్నది వారి నియమం. ఆనాటికి ఆ దేశంలో పనివారిలో అత్యధికులకు పార్లమెంటు ఓటు లేదు. సంఘంలో మాత్రం ఉన్నది. అంతటి హక్కును మనం ఇంట్లో కూర్చుని వదులుకొంటున్నాము.

వదులుకొన్న హక్కు ఊరకే ఉండదు. మరొకరి చేతికి పోతుంది. ఎన్నికలు జరగక పాలకవర్గం గడువు తీరితే ప్రత్యేకాధికారి వస్తాడు. ఆయన మంచివాడే కావచ్చు. కాని మన ఓటుతో వచ్చినవాడు కాడు, మన ఓటుతో దిగేవాడూ కాడు. ఎన్నికలు జరిగినా పదిమందే వస్తే ఆ పదిమందిని పిలుచుకొని వచ్చిన షావుకారు మాటే చెల్లుతుంది. 2020లో కేంద్ర ప్రభుత్వం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. నేతగాని గొంతు వినిపించే వేదికలు తగ్గుతున్న ఈ రోజులలో చేతిలో ఉన్న సంఘాన్ని కూడా పోగొట్టుకొనుట తగునా?

"మగ్గం దిగితే పూట గడవదు, ఉచిత సేవ ఎక్కడ చేస్తాం?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. అయితే, పడుగును వీధిలో సాగదీసి గంజి పట్టించి దువ్వేటప్పుడు ఒక్క ఇంటివారి చేతులు చాలవని మన పెద్దలకు తెలుసు. ఇరుగుపొరుగు వచ్చి చేయి వేసేవారు. రేపు వారి పడుగుకు మనం వెళ్లేవాళ్లం. దానిని ఎవరూ సేవ అనలేదు. అది నేతవీధి మర్యాద. ఆ మర్యాదను సంఘానికి కూడా చూపమని మాత్రమే నా విజ్ఞప్తి. గుమాస్తా జీతం ఎగవేయడానికో, ప్రభుత్వం చేయవలసిన పనిని పేదల నెత్తిన వేయడానికో సేవ అనే మాటను వాడరాదు.

చేయవలసిన పనులు చిన్నవే. సహకార సంఘం ఏర్పరచుకొనే హక్కును 97వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక హక్కులలో చేర్చినది. రాష్ట్ర పరిధిలోని సంఘాలు నడిచేది మాత్రం ఆయా రాష్ట్రాల చట్టాల ప్రకారమేనని 2021లో సుప్రీంకోర్టు తీర్పు వలన స్పష్టమైనది. కనుక షోలాపురంలో మరాఠీలో, సేలంలో తమిళంలో, బరంపురంలో ఒడియాలో కాగితాలు వస్తాయి. ఇంట తెలుగు మాట్లాడే వృద్ధ సభ్యులలో ఎందరికి అవి అర్థమగును? అక్కడి బడులలో చదివిన మన పిల్లలు నెలకొక సాయంకాలం వచ్చి, నోటీసునూ జమాఖర్చులనూ తెలుగులో చదివి చెప్పితే చాలు. సభకు వచ్చేవారి సంఖ్య దానంతటదే పెరుగుతుంది.

రెండవది, స్త్రీల సభ్యత్వం. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని చేనేత పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. మీ సంఘం సభ్యుల రిజిస్టరు తెరిచి చూడండి. అందులో ఎందరు స్త్రీల పేర్లున్నవి? కండెలు చుట్టే చేతికి ఓటు లేకపోవడం ఏమి ప్రజాస్వామ్యం?

మూడవది, లెక్క అడగడం. సంఘ కార్యదర్శిగా చెబుతున్నాను, లెక్క అడిగే సభ్యుడు కార్యదర్శికి శత్రువు కాడు. అడిగేవాడు లేని చోటనే మంచి కార్యదర్శి మీద కూడా అనుమానం పుడుతుంది, చెడ్డవానికి ధైర్యం వస్తుంది.

సభ్య సోదర సోదరీమణులారా! అయిదేళ్లకొకసారి వేసే ఓటుతోనే ప్రజాస్వామ్యం తీరిపోదు. రాబోయే సర్వసభ్య సమావేశానికి నూలు ఇచ్చినా ఇవ్వకపోయినా రండి. వచ్చి, ఒక్క ప్రశ్న అయినా అడిగి వెళ్లండి.