‘బెట్టను తట్టుకొనే రకం’ అంటే ఏ బెట్టను?

విత్తన సంచుల మీద, విస్తరణ కరపత్రాలలో, స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో ఒకే తీరుగా కనిపించే మాట ‘బెట్టను తట్టుకొనే రకం’. తుప్పు తెగులును తట్టుకొనే రకం అన్నప్పుడు ఆ మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంటుంది; ఎదుట ఉన్నది ఒక శిలీంధ్రం. బెట్టకు అటువంటి ఏకరూపత లేదు. విత్తిన 20 రోజులకు వాన ముఖం చాటేయడం ఒక బెట్ట. వేరుశనగలో ఊడలు దిగే వేళ పైనేల గట్టిపడటం మరొకటి. గింజ పాలుపోసుకొనే దశలో నేలలోని తేమ నిండుకోవడం ఇంకొకటి. మొదటిదాని నుంచి గట్టెక్కించే గుణమే చివరిదానిలో పంటను ముంచవచ్చు. బెట్ట నుంచి తప్పించుకోవడం, ఉన్న తేమను కాపాడుకోవడం, కణజాలం ఎండినా ఓర్చుకోవడం అనే మూడు మార్గాలను వృక్షశరీరధర్మ శాస్త్రం దశాబ్దాలుగా విడదీసి చెబుతున్నది. పాఠ్యపుస్తకం దాటి కరపత్రం చేరేసరికి ఆ మూడూ ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. ఈ గందరగోళానికి మూల్యం చెల్లించేది రైతు.

ఎడారి మొక్కలలో ఈ గందరగోళం కనిపించదు. థార్ ఎడారినే తీసుకొంటే, పశ్చిమ రాజస్థాన్‌లో వార్షిక వర్షపాతం పడమటి కొసన సుమారు 100 మిల్లీమీటర్ల నుంచి ఆరావళి పర్వతాల దాపున 500 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అదే ఇసుకలో, అదే వానపై ఆధారపడి బతికే మొక్కల నీటి లెక్కలు మాత్రం ఒకదానితో ఒకటి పోలవు. వాన పడిన కొద్ది వారాలలో మొలిచి, పూచి, విత్తనం రాల్చి కనుమరుగయ్యే ఏకవార్షికాలు ఉన్నాయి. అవి బెట్టను చూడనే చూడవు. కైర్ పొద ఆకులను దాదాపు వదులుకొని ఆకుపచ్చని కొమ్మలతోనే ఆహారం తయారు చేసుకొంటుంది. వీటి మధ్య నిలిచే పెద్ద చెట్టు ఖేజ్రీ, అంటే తెలుగువారి జమ్మి. రాజస్థాన్‌కూ తెలంగాణకూ ఇదే రాష్ట్ర వృక్షం.

జమ్మిని పొదుపరిగా వర్ణించడం పరిపాటి. నిజానికి అది పొదుపరి కాదు. నిండు వేసవి ముంగిట, తక్కిన మొక్కలు ఆకు దులిపే వేళ, జమ్మి కొత్త చిగురు వేస్తుంది, పూస్తుంది, మే, జూన్ నెలలలో కాయ పండుతుంది. నేల లోతులలో నీటి నిల్వ ఉన్నది కనుకనే అది అంత ధారాళంగా ఖర్చు చేయగలుగుతుంది. దాని తల్లివేరు 30 మీటర్లకు మించిన లోతుకు కూడా పోగలదని చెబుతారు. ఆ వేరును పెంచడానికి మొక్క తొలి ఏళ్లన్నీ వెచ్చిస్తుంది. అంతకాలం పైకి ఎదుగుదల నామమాత్రమే. రాజస్థాన్ రైతులు పొలంలో జమ్మిని ఉంచి, చెట్ల మధ్యనే సజ్జ, గోరుచిక్కుడు సాగు చేస్తారు. పైనేలలోని వాన తేమ పంటది, లోతు తేమ చాలావరకు చెట్టుది. శీతాకాలంలో కొమ్మలు నరికి పశువులకు మేత వేస్తారు, రాలిన ఆకు నేలకు నత్రజనిని చేరుస్తుంది. ఇక్కడ బెట్టను తట్టుకొంటున్నది ఏదో ఒక రకం అనడం కంటే పొలం మొత్తం అనడం సరైనది.

లోతైన వేరు మీద పరిశోధకులకు ఉన్న మోజును ఈ వెలుగులో చూడాలి. 2013లో జపాన్ శాస్త్రవేత్తలు వరిలో డి.ఆర్.ఓ.1 అనే జన్యువును గుర్తించి, దానిని ఐఆర్ 64 రకంలోకి చేర్చి, వేరు నిలువుగా దిగినప్పుడు బెట్టలో దిగుబడి నిలుస్తుందని నిరూపించారు. విలువైన ఫలితమే. అయితే వేరు దిగిన చోట నీరు ఉండాలి, అసలు దిగడానికి నేల ఉండాలి. అనంతపురం ఎర్రనేలల్లో అనేక చోట్ల అడుగు, రెండడుగుల మట్టి కిందనే మొరమో రాయో తగులుతుంది. అక్కడ లోతైన వేరు కోసం మొక్క పెట్టిన పెట్టుబడి కాయకు అందకుండా పోయిన పిండిపదార్థమే. అదే గుణం నల్లరేగడిలో పంటను నిలబెట్టవచ్చు. మట్టి లోతు చెప్పకుండా ఆ రకాన్ని రెండు నేలలకూ ఒకే నోట సిఫారసు చేయడం శాస్త్రీయం అనిపించుకోదు.

నీటి వినియోగ సామర్థ్యం విషయంలోనూ ఇంతే. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్‌ను స్థిరీకరించడానికి వరి, వేరుశనగ వంటి సి3 మొక్కలు సుమారు 400 నుంచి 500 గ్రాముల నీటిని ఖర్చు చేస్తాయి. జొన్న, సజ్జ వంటి సి4 మొక్కలు 250 నుంచి 300. నాగజెముడు వంటి మొక్కలు 50 నుంచి 100 మాత్రమే. నాగజెముడు పత్రరంధ్రాలను రాత్రివేళ తెరిచి, వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు తలుపులు మూసి వాడుకొంటుంది. ఒక రాత్రిలో దాచుకోగల ఆమ్లానికి హద్దు ఉన్నది కనుక ఎదుగుదలకూ సాధారణంగా హద్దే. దక్షిణాఫ్రికాలోని జెరోఫైటా మొక్కలు తమలోని నీటిలో 90 శాతానికి పైగా కోల్పోయి, వాన పడగానే తిరిగి పచ్చబడతాయి. వాటి జన్యువులను పంటలకు చేర్చాలన్న ఉత్సాహం తరచుగా వార్తలకు ఎక్కుతుంది. ఎడారి మొక్కకు బతికి నాలుగు విత్తనాలు రాల్చడమే విజయం. రైతుకు క్వింటాళ్లు కావాలి. ఆగస్టు అంతా పచ్చగా నిలిచి, పీకి చూస్తే కాయ లేని వేరుశనగ మొక్కను ఏ రైతూ ‘తట్టుకొన్నది’ అనడు.

ఎడారి తర్కాన్ని పంటలోకి వివేకంతో తెచ్చిన పనులు లేకపోలేదు. హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం 1990లో విడుదల చేసిన హెచ్‌హెచ్‌బి 67 సజ్జ సంకరం సుమారు 65 రోజులలో కోతకు వస్తుంది. అది ఏకవార్షికాల మార్గం: బెట్ట రాకముందే ముగించడం. వానలు నిండుగా కురిసిన ఏడు దీర్ఘకాలిక రకాలు ఇచ్చేంత దిగుబడి దాని నుంచి ఆశించకూడదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2010లో ప్రకటించిన పరిశోధన మరో మార్గాన్ని చూపింది. చివరి దశ బెట్టను తట్టుకొనే సజ్జ జన్యురూపాలు, నేలలో నీరు సమృద్ధిగా ఉన్నప్పుడే, పొడిగాలి వీచే వేళ బాష్పోత్సేకాన్ని అదుపు చేసుకొంటున్నాయి. అలా మిగిలిన నీరు గింజ కట్టే దశకు అక్కరకు వస్తుంది. పత్రరంధ్రం మూసిన ప్రతి గడియా ఎదుగుదలలో కోతే కాబట్టి, చివరి వరకు వాన పడిన ఏట ఈ పొదుపు నష్టంగా మిగలవచ్చు.

ఎడారి ఏకవార్షికాలకు ఉన్న మరో రక్షణ విత్తన నిద్రావస్థ. ఒక వానకు అన్ని విత్తనాలూ మొలవవు; కొన్ని మట్టిలోనే మిగులుతాయి. అనిశ్చిత వాతావరణంలో ఈ తీరు ఎందుకు లాభదాయకమో డాన్ కోహెన్ 1966లో గణితపరంగా వివరించాడు. పంట మొక్కల నుంచి మానవుడు ఈ గుణాన్ని చాలావరకు తొలగించాడు, ఏకరీతి మొలక కోసం. పోయిన ఆ బీమాను రాయలసీమ రైతు వేరుశనగ సాళ్ల మధ్య కంది వేసి కొంతవరకు తిరిగి సంపాదించుకొన్నాడు: ఒకటి త్వరగా ముగుస్తుంది, రెండవది ఆలస్యంగా వచ్చే వానలకోసం కాచుకొంటుంది. అటువంటి మిశ్రమ సాగును వెనుకబాటుగా చూసిన సలహాలు ఒకప్పుడు తక్కువేమీ కాదు.

రైతుకు ఇన్ని తేడాలు చెబితే అర్థం కావు, సందేశం సరళంగా ఉండాలి అన్నది విస్తరణ రంగంలో వినిపించే అభ్యంతరం. ఆరుద్రలో విత్తిన చేనుకూ పునర్వసులో విత్తిన చేనుకూ తేడా చెప్పగల రైతుకు, చల్కాకూ రేగడికీ వేర్వేరు విత్తనం ఎంచుకొనే రైతుకు, ‘ఈ రకం చివరి బెట్టకు పనికివస్తుంది, మొదటి బెట్టకు కాదు’ అన్న మాట అర్థం కాదనడానికి ఆధారం లేదు. అది కరపత్రంలో ఒక వాక్యం. ప్రదర్శన క్షేత్రాల ఫలకాల మీద ఇప్పుడు రకం పేరు, విత్తిన తేదీ, దిగుబడి ఉంటున్నాయి. అదే ఫలకం మీద మట్టి లోతు, బెట్ట ఏర్పడినప్పటి పైరు వయస్సు, బెట్ట లేని ఏట అదే పొలంలో ఆ రకం ఇచ్చిన దిగుబడి కూడా రాయడానికి మరో మూడు గళ్లు చాలు.