అడిగే చందా, అడగని చందా

పొదుపును గురించిన ఉపదేశాలు ఈమధ్య మరీ ఎక్కువయ్యాయి. నెలనెలా కట్టే చందాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, అక్కరలేనివి కొట్టేయండి, ఏడాది తిరిగేసరికి ఇంత మిగులుతుంది అంటారు. లెక్క సరైనదే. నెలకు 149 రూపాయలంటే ఏడాదికి 1,788. అటువంటివి నాలుగైదు ఉంటే ఆ సొమ్ముతో ఓ మోస్తరు పుస్తకాల అర నింపుకోవచ్చు. అయితే ఈ ఉపదేశకుల దృష్టిలో దోషి ఎప్పుడూ చందాదారుడే. మతిమరుపు అతనిది, బద్ధకం అతనిది. ఆ మతిమరుపునే పెట్టుబడిగా చేసుకున్న వ్యాపారుల ఊసు మాత్రం ఎక్కడా రాదు. నాకు పేచీ అక్కడే.

చందా మనకు కొత్త మాటేమీ కాదు. మనియార్డరు ఫారం నింపి, చిరునామా, చందా సంఖ్య రాసి పత్రికకు ఏడాది సొమ్ము పంపేవాళ్లం. గడువు తీరగానే మీ చందా ముగిసిందంటూ చీటీ వచ్చేది. మళ్లీ పంపితే పత్రిక వచ్చేది, లేకుంటే ఆగిపోయేది. మరచిపోయినవాడికి పత్రిక అందేది కాదు, అంతేగాని జేబుకు చిల్లు పడేది కాదు. నేటి చందా దానంతట అది ముగియదు. ముగింపు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. అన్నట్టు, చిన్న పత్రికలవారు ‘జీవిత చందా’ అని ఒకటి తీసుకునేవారు. ఒక్కసారి కట్టి జన్మంతా చదువుకోవడమని దాని అర్థం. ఇప్పుడు జన్మంతా కట్టడమే జీవిత చందా!

మరపు మీద వ్యాపారమనేది నా కల్పన కాదు. డెల్లావిన్యా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలోని వ్యాయామశాలల లెక్కలు పరిశీలించి 2006లో ఒక వ్యాసం ప్రకటించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు నెలలో సగటున నాలుగుసార్లకు కాస్త ఎక్కువగా మాత్రమే వెళ్లారట. వెళ్లిన ప్రతిసారీ 17 డాలర్లకు పైన పడిందన్నమాట. పదిసార్ల పాసు కొనుక్కుంటే సారికి 10 డాలర్లతో పోయేది.

ఇంకో ముచ్చట. 2023 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద దావా వేసింది. ప్రైమ్ సభ్యత్వం రద్దు చేసుకునే ప్రక్రియకు ఆ సంస్థ లోలోపల ‘ఇలియడ్’ అని పేరు పెట్టుకుందని ఆ దావాలో ఉంది. సుదీర్ఘమైన ట్రోయ్ యుద్ధాన్ని గురించిన కావ్యం అది. పేరు పెట్టినవారెవరో గాని సాహిత్యాభిరుచి కలవారే! 2025 సెప్టెంబరులో, తప్పు ఒప్పుకోకుండానే, 250 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు.

ఈ విషయంలో మన రిజర్వు బ్యాంకును మెచ్చుకోవాలి. 2021 అక్టోబరు 1 నుంచి, కార్డు మీద దానంతట అది సొమ్ము పోయే చందాలకు కనీసం 24 గంటల ముందు కార్డు ఇచ్చిన బ్యాంకు కబురు పంపాలన్నది. 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ మన అనుమతి ఉండాలన్నది. 2022 జూన్‌లో ఆ పరిమితిని 15,000కు పెంచారు. సినిమాలకూ పాటలకూ కట్టే నెలసరి చందాలు ఆ గీతకు ఎంతో కిందే ఉంటాయి గనుక వాటికి ముందస్తు కబురే మిగిలింది. అది అప్పు ఇస్తామనేవారి, స్థలాలు అమ్ముతామనేవారి సందేశాల గుట్టలో ఎక్కడో పడి ఉంటుంది. 2023 నవంబరు 30న కేంద్రం నిషేధించిన 13 రకాల వ్యాపార మాయలలో చందా ఉచ్చు కూడా ఉంది. నిషేధం మంచిదే. కాని ప్రతి మీటా ఎక్కడుందో చూపించడానికి ఏ ప్రభుత్వమూ మన ఫోనులోకి రాదు కదా.

నన్ను నిజంగా బాధించేది వేరే ఉంది. ఖర్చు తగ్గించుకుందామనుకున్న ఇంట్లో మొదటి వేటు ఎవరి మీద పడుతుంది? గడువు తీరిందని ఉత్తరం రాసే చిన్న పత్రిక మీద. ఏటా వచ్చి గుమ్మం దగ్గర నిలబడే గ్రంథాలయం వారి మీద. వాళ్లు అడుగుతారు, మనం ‘ఈసారికి వద్దులెండి’ అంటాం. పొదుపు చేశామన్న తృప్తి కూడా దక్కుతుంది. ఆరు నెలలుగా తెరిచి చూడని సినిమాల యాప్ మాత్రం అదే రాత్రి నిశ్శబ్దంగా తన వాటా తీసుకుపోతుంది. అడిగినవాడికి లేదని చెప్పి, అడగనివాడికి ధారపోయడం ఏ అర్థశాస్త్రమో నాకు బోధపడదు. తెలుగులో సాహిత్య పత్రికలు ఒక్కొక్కటే మూతపడుతుంటే చదివేవాళ్లు లేరని నిట్టూర్చేవారిలో ఇటువంటి పొదుపరులు ఎందరో!

సినిమాలు చూడవద్దని నేననను. చూడదలచుకున్న నెల కట్టండి, కట్టిన రోజే రద్దు చేయండి. చాలా సేవలు, రద్దు చేసినా, కట్టిన గడువు తీరేదాకా నడుస్తాయి. ఉచితమని మొదలుపెట్టినవి కొన్ని వెంటనే ఆగిపోవచ్చు, అది చూసుకోవాలి. యూపీఐ ద్వారా కడితే ఆ యాప్‌లోనే ఆటోపే అన్నచోట మీరిచ్చిన అనుమతులన్నీ వరుసగా కనబడతాయి. అక్కడే ఆపవచ్చు, చందా పుచ్చుకునేవారి గడప తొక్కే పని లేదు. కావాలనుకున్నప్పుడు మళ్లీ కట్టుకుంటే మన పాత పత్రిక చందా పద్ధతే తిరిగి వస్తుంది.

ఆ జాబితా రాసేటప్పుడు, గడువు తీరిందని పత్రికలవారు పంపిన ఉత్తరాలు కూడా పక్కన పెట్టుకోండి. కొట్టివేతలు ఎటువైపు ఎక్కువ పడుతున్నాయో చూసుకోండి.