రోగిని ప్రశ్నించు యంత్రము

వైద్యమునకు మొదటి మెట్టు మందు కాదు, ప్రశ్న. రోగి చెప్పుకొనునది ఓర్పుతో వినినగాని రోగనిర్ణయము కుదురదు. అయితే హిందూపురము, పెనుకొండ, ధర్మవరములందు ప్రభుత్వ వైద్యునికి ఒక్కొక్కరి మొర వినుటకు చిక్కు నిమిషములెన్ని? ఈ కొరత తీర కంప్యూటరుచేతనే రోగిని ముందుగా ప్రశ్నింపజేయవచ్చునని కొందరు చెప్పుచున్నారు.

ఈ యాలోచన నిన్నటిది కాదు. 1966 నాటికే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున డాక్టరు వార్నర్ స్లాక్, ఆయన సహచరులు కంప్యూటరుచే రోగుల వృత్తాంతమును సేకరించిరి. తెరపై ప్రశ్న కనబడును. రోగి మీట నొక్కి బదులిచ్చును. బదుళ్లు నాలుగు: అవును, కాదు, తెలియదు, అర్థము కాలేదు. యంత్రము విసుగుకొనదు. మద్యపానమువంటి సిగ్గుపడు సంగతులను కొందరు మనుష్యునికంటె యంత్రమునకే దాపరికము లేక చెప్పుదురని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

కావున యంత్రమును మేము కాదనము. మా సందేహమొక్కటే: ఆ నాలుగవ బదులే మన ప్రజల బదులు కాదుగదా?

ఈ సీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఇంటిభాషలే. చదువురాని వృద్ధురాలికి తెరపై యక్షరములెందుకు? ప్రశ్న ఆమె మాటలోనే ఆమెకు వినబడవలయును. “కండ్లు తిరుగుతాండాయి” అనినచో కంటిజబ్బని వ్రాసికొను యంత్రమువలన మేలేమి? ధర్మవరపు నేతగాడు నడుమునొప్పి యనినప్పుడు, దినమునకెన్ని గంటలు మగ్గము ముందు కూర్చుందువని యడుగక రోగమెట్లు తెలియును? ఇట్టి ప్రశ్నలు పరదేశమునుండి సిద్ధమై రావు. ఇక్కడి వైద్యులు, నర్సులు, ఆశా కార్యకర్తలు కలసి కూర్పవలసినవే.

రోగి చెప్పిన మాట రోగి సొత్తు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము కాగితముపై నుండిన చాలదు. తన మాట యెవరి చేతికి పోవునో రోగికి ముందుగానే తెలుపవలయును.

2019లో మొదలైన ఈ-సంజీవని దూరపు వైద్యుని పల్లెరోగికి దగ్గర చేసినది. ఈ యంత్రమును అట్లే రోగిని వైద్యునియొద్దకు చేర్పవలెను గాని, వైద్యుల నియామకమును ఎగవేయుటకు సాకు కారాదు. వైద్యుడు లేని కుర్చీ ముందు యంత్రము నుంచినంతమాత్రమున నది వైద్యశాల కాజాలదు. అడుగుట యంత్రము చేయవచ్చును. నాడి పట్టి, విని, బాధ్యత వహించుట మనుష్యుని ధర్మము. ప్రభుత్వము ఈ ధర్మమును మరువకుండ చూచుట ప్రజల విధి.