ముందు కూడికా, ముందు వర్గమా?



ఈ ఏడాది పేరెంట్స్ మీటింగుల్లో మీలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. శనివారం చివరి పీరియడ్‌లో కంప్యూటర్ క్లబ్ పిల్లలకు 'జె' అనే ఏదో భాష చెబుతున్నారట, అది జేఈఈలో లేదు, బోర్డు సిలబస్‌లో లేదు, రేపు ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు, ఆ గంట కూడా స్టడీ అవర్‌కే ఇవ్వొచ్చు కదా అని. ప్రశ్నలో తప్పేమీ లేదు. ఫీజు కట్టేది మీరు, పిల్లల టైము విలువ తెలిసినవారూ మీరే. నేను మాత్రం ఆ గంట ఉండాలనే అంటాను. ఎందుకో చెబుతాను. మీకు కంప్యూటర్ అలవాటు లేకపోయినా ఫరవాలేదు, కూడిక, గుణకారం వస్తే చాలు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ భాష నేర్పితే ఉద్యోగం వస్తుందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. దీనికి దగ్గరి చుట్టం లాంటి 'క్యూ' అనే భాషను కొన్ని బ్యాంకుల ట్రేడింగ్ విభాగాల్లో వాడతారు. పైథాన్‌లో పిల్లలు రేపు వాడబోయే 'నంపై'లోనూ ఈ కుటుంబం పోలికలు కనిపిస్తాయి. కానీ మేం చెప్పడానికి కారణం అది కాదు.

కారణం మీ పిల్లల నోట్‌బుక్‌లోనే ఉంది. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దే ఏ లెక్కల టీచర్‌నైనా అడగండి, ప్రతి ఏడాదీ తప్పకుండా కనిపించే తప్పు ఏమిటని. మూడు ప్లస్ నాలుగు హోల్ స్క్వేర్ ఎంత అంటే, మూడు వర్గం తొమ్మిది, నాలుగు వర్గం పదహారు, మొత్తం 25 అని రాసేస్తారు. సరైన జవాబు 49. ఇలా రాసిన పిల్లకు సూత్రం రాదనుకుంటే పొరపాటు. 'ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్' అని మొదలుపెడితే నిద్రలో కూడా చివరిదాకా అప్పజెప్పేస్తుంది. సూత్రం నోట్లో ఉంది, తప్పు చేతిలో ఉంది. మనం ఎర్ర ఇంకుతో కొట్టేసి, సూత్రం ఇంకో పదిసార్లు రాయిస్తాం. మళ్లీ యూనిట్ టెస్టులో అదే 25.

ఇక్కడ జరిగేది ఏమిటంటే, రెండు పనులున్నాయి. ఒకటి కూడటం, ఇంకొకటి వర్గం చేయడం. రెండూ విడివిడిగా పిల్లకు బాగా వచ్చు. ఏది ముందు, ఏది తరవాత అన్నదే తేలలేదు. పనులను ఒకదాని వెనక ఒకటి జోడించడాన్ని లెక్కల్లో సంయుక్త ప్రమేయం అంటారు. పెద్ద పేరు చూసి భయపడక్కర్లేదు. బియ్యం కడిగి వండటం వేరు, వండి కడగటం వేరు, అంతే.

ఇప్పుడు 'జె' సంగతి. కెనడాలో పుట్టిన కెనెత్ ఐవర్సన్ అనే గణితవేత్త హార్వర్డ్‌లో పాఠం చెబుతూ, బోర్డు మీద లెక్కలు స్పష్టంగా రాయడానికి తనకంటూ ఒక గుర్తుల పద్ధతి తయారుచేసుకున్నాడు. 1962లో దాన్ని పుస్తకంగా వేశాడు. తరవాత ఐబీఎంలో అదే ఏపీఎల్ అనే కంప్యూటర్ భాష అయింది. 1979లో ఆయనకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఏపీఎల్ గుర్తులకు అప్పట్లో ప్రత్యేకమైన కీబోర్డు కావాల్సి వచ్చేది. అందుకని 1990లో ఐవర్సన్, రోజర్ హుయ్ కలిసి మామూలు కీబోర్డుతోనే రాయగలిగే 'జె'ను తెచ్చారు. ఉచితంగా దొరుకుతుంది, మన ల్యాబ్‌లోని పాత సిస్టమ్‌ల మీదా నడుస్తుంది. ముఖ్యంగా గమనించండి, ఇది పుట్టింది సాఫ్ట్‌వేర్ అమ్మడానికి కాదు, పాఠం చెప్పడానికి.

ఇందులో వర్గం చేయడానికి *: అని రాస్తారు. మన పిల్ల చేసిన తప్పు ఇందులో ఇలా ఉంటుంది.

3 (+ & *:) 4

జవాబు 25. సరైనది ఇలా ఉంటుంది.

3 (*: @: +) 4

జవాబు 49. మొదటి వరుసలోని & గుర్తు 'రెండిటినీ ముందు వర్గం చేసి, వచ్చినవాటిని కూడు' అంటోంది. రెండో వరుసలోని @: గుర్తు 'ముందు కూడు, వచ్చినదాన్ని వర్గం చేయి' అంటోంది. రెండూ సరైన వాక్యాలే, రెండూ వేర్వేరు మాటలు. పిల్ల ఇన్నాళ్లూ ఒకటి రాయబోయి ఇంకోటి రాస్తోందన్నమాట. ఇది కళ్లెదుట పక్కపక్కన చూశాక పిల్లల ముఖంలో వచ్చే మార్పు వేరు. 'సార్, అయితే 25 కూడా ఒక జవాబే, కానీ ఈ ప్రశ్నకు కాదు' అని ఒక పాప అంది. సూత్రం పదిసార్లు రాయిస్తే ఈ వాక్యం రాదు.

ఆ 25 ఏ ప్రశ్నకు జవాబో కూడా వాళ్లే కనిపెడతారు. దాని ముందు వర్గమూలం గుర్తు %: జోడిస్తే 5 వస్తుంది. భుజాలు మూడు, నాలుగు ఉన్న లంబకోణ త్రిభుజానికి కర్ణం ఐదు. పైథాగరస్ వచ్చి కూర్చున్నాడు.

మీకు నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఈ భాషలో అంకెల్ని నామవాచకాలు అంటారు, కూడటం లాంటి పనుల్ని క్రియలు అంటారు. ఐవర్సన్ కావాలనే వ్యాకరణం మాటలు తీసుకున్నాడు. క్రియ పక్కన చేరి దాన్ని కొత్త క్రియగా మార్చే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఆలోచించే పిల్లలకు ఇది కొంచెం తికమక. తెలుగు పిల్లలకు తికమక పడాల్సిన పని లేదు. 'కట్టు' అనే క్రియకు 'ఇంచు' చేర్చండి, 'కట్టించు' అవుతుంది. చదువు, చదివించు. చేయు, చేయించు. 'ఇంచు'కు ఒంటరిగా అర్థం లేదు. అది ఒక క్రియను తీసుకుని ఇంకో క్రియను ఇస్తుంది, పైగా క్రియకు వెనకాలే అంటుకుంటుంది. 'జె'లో / అనే గీత అచ్చం ఇలాంటిదే. కూడికకు అంటిస్తే +/ అవుతుంది, వరుసలోని అంకెలన్నిటి మధ్యా కూడిక పెట్టి మొత్తం చెబుతుంది. గుణకారానికి అంటిస్తే అన్నిటి లబ్ధం. రెండిట్లో పెద్దది చెప్పే గుర్తుకు అంటిస్తే వరుస మొత్తంలో పెద్దది. ఒక్క గీత నేర్చుకుంటే మూడు పనులు వచ్చాయి. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్ల వెనకబడుతుందేమో అని కొందరు అడుగుతుంటారు. ఈ పాఠం రోజు మాత్రం తెలుగే ముందు నిలబడుతుంది.

ఇక సగటు. సగటు అంటే మొత్తాన్ని లెక్కతో భాగించడం. 'జె'లో భాగహారానికి % గుర్తు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి # గుర్తు. సగటు ఇలా రాస్తారు.

+/ % #

అంతే. మొత్తం, భాగించు, ఎన్ని. ఒక బ్యాటర్ ఐదు ఇన్నింగ్స్‌లో చేసిన 45, 12, 78, 9, 6 పరుగుల్ని దీనికి ఇస్తే 30 వస్తుంది. ఎక్కడా ఎక్స్ లేదు, వై లేదు. ఎడమ పని ఒకటి, కుడి పని ఒకటి అదే వరుస మీద విడివిడిగా జరిగి, మధ్యలోని పని ఆ రెండు జవాబుల్నీ కలుపుతుంది. మూడు క్రియలు వరుసగా నిలబడితే ఇలా అర్థం చేసుకోవాలన్నది భాష పెట్టిన నియమం. పిల్లలు దీన్ని ఒక వారం నమ్మరు. అంకెలు ఇవ్వకుండా పనిని మాత్రమే వర్ణించవచ్చన్న ఆలోచన వాళ్లకు కొత్త. ఇన్నాళ్లూ వాళ్ల దృష్టిలో లెక్క అంటే జవాబు.

మీలో ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారికి మొదటి ఏడాది ప్రమేయాల అధ్యాయం గుర్తుండే ఉంటుంది. రెండు ద్విగుణ ప్రమేయాల్ని జోడించి, ఆ జోడింపుకు విలోమం తీస్తే, విలోమాలు తిరగబడిన వరుసలో వస్తాయని నిరూపించే ఏడు మార్కుల ప్రశ్న. మనమంతా బట్టీ పట్టిందే. నిజానికి అది రోజూ మనం చేసేదే. బయటికి వెళ్లేటప్పుడు ముందు ఇంటి తలుపు వేస్తాం, తరవాత గేటు. తిరిగి వచ్చినప్పుడు ముందు గేటు తీస్తాం, తరవాత తలుపు. 'జె'లో దీని మీదే ఆధారపడిన గుర్తు ఒకటుంది. తెరిచి, లోపల పని చేసి, మళ్లీ మూసే గుర్తు. 3, 4 అంకెల్ని లాగరిథమ్‌గా మార్చి, కూడి, తిరిగి వెనక్కి మార్చమని ఒక్క వరుసలో చెబితే 12 వస్తుంది. కాలిక్యులేటర్లు రాకముందు మీ నాన్నగార్లు లాగ్ టేబుల్స్ పుస్తకంతో చేసిన గుణకారం ఇదే. ఏడు మార్కుల రుజువుకు బతుకులో పని ఉందని పిల్లకు తెలియడానికి అయిదు నిమిషాలు పడుతుంది.

అన్నీ ఇంత తేలిక కాదు. జోడించే గుర్తుల్లో @: ఒకటి, పక్కన రెండు చుక్కలు లేని @ ఇంకొకటి. 1, 2, 3 అంకెల వర్గాల మొత్తం కావాలనుకోండి. రెండు చుక్కలతో రాస్తే 14 వస్తుంది. చుక్కలు మరిచిపోతే 1, 4, 9 అని మూడు అంకెలు అలాగే మిగిలిపోతాయి, కూడిక జరిగినట్టే కనబడదు. పెద్దవాళ్లు కూడా ఇక్కడ గంటలు కూర్చుంటారు. మేం స్కూల్ బస్సుతో చెబుతాం. రెండు చుక్కలుంటే పిల్లలందరూ ఎక్కాకే బస్సు కదులుతుంది, అందరూ కలిసే తరవాతి పనికి వెళతారు. చుక్కలు లేకపోతే ఒక్కొక్కరినీ ఒక్కో ఆటోలో పంపినట్టు. ఒంటరిగా వెళ్లినవాణ్ణి కూడమంటే దేనితో కూడాలి? వాడు వాడుగానే మిగులుతాడు. మా క్లబ్‌లో ఈ ఒక్క తేడాకు రెండు శనివారాలు పట్టింది. ఆ రెండు శనివారాల్లో కొత్త సిలబస్ ఏమీ కవర్ కాలేదు. అదే నాకు నచ్చిన విషయం. వీక్లీ టెస్టుల మధ్య ఒక ప్రశ్న దగ్గర రెండు వారాలు ఆగే అవకాశం మన పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతుంది?

దీనికి వ్యతిరేకంగా చెప్పేవాళ్లూ ఉన్నారు, తేలికైన మనుషులు కాదు. ప్రఖ్యాత కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1975లోనే ఏపీఎల్‌ను చాలా ఘాటుగా విమర్శించాడు. ఇంత పొట్టిగా రాస్తే నెల తరవాత రాసినవాడికే అర్థం కాదన్నది సాధారణంగా వినబడే ఫిర్యాదు. అందులో నిజం ఉంది. వందల మంది కలిసి రాసే పెద్ద సాఫ్ట్‌వేర్‌కు ఇది సరిపోతుందని నేనూ అనను. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ భాషకు మన బాడ్‌మాస్ తెలియదు. అన్నీ కుడి నుంచి ఎడమకు చేస్తుంది. పది మైనస్ మూడు మైనస్ రెండు అంటే ముందు కుడివైపున్న మూడులోంచి రెండు తీసేసి, తొమ్మిది అంటుంది. ఆరో తరగతిలో ఇలా రాస్తే మార్కు పోతుంది. అందుకే చిన్న తరగతులకు ఇది చెప్పం. తొమ్మిది దాటిన పిల్లలకు మాత్రం, ఆ వరుస మనం పెట్టుకున్న ఒప్పందమేనని, ఒప్పందం మారితే జవాబు మారుతుందని తెలియడం మంచిదే.

పైగా పొట్టిగా ఉండటమే ఇక్కడ పాఠం. ఇప్పుడు ఏఐని అడిగితే రెండు వందల లైన్ల ప్రోగ్రామ్ క్షణంలో ఇస్తుంది. పిల్లలు దాన్ని పైనుంచి కిందికి జరిపి, నడిస్తే సబ్మిట్ చేస్తున్నారు. నాలుగు గుర్తుల వరుసను అలా జరిపేయలేరు. చదవాలి, లేదా ఆగాలి.

మీ నుంచి కోరేది చిన్నది. ఈ నెల ప్రోగ్రెస్ రిపోర్టు ఇంటికి వచ్చినప్పుడు సగటు ఒక్కటే చూడకండి. ఒకరికి మూడు టెస్టుల్లో 60, 60, 60. ఇంకొకరికి 30, 60, 90. ఇద్దరి సగటూ 60. క్లబ్‌కు వచ్చే మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టి, ముందు సగటు తీసి వర్గం చేస్తే ఎంత, ముందు వర్గాలు చేసి సగటు తీస్తే ఎంత అని ఇద్దరికీ విడివిడిగా కాగితం మీద చేయమనండి. మొదటి విద్యార్థికి రెండు దారుల్లోనూ 3600 వస్తుంది. రెండో విద్యార్థికి ఒక దారిలో 3600, ఇంకో దారిలో 4200. మధ్యలో ఉన్న ఆ 600ను పదకొండో తరగతి స్టాటిస్టిక్స్ చాప్టర్‌లో ఏమంటారో, 'జె'లో దాన్ని ఒక్క వరుసలో ఎలా రాయాలో వాళ్లనే చెప్పమనండి. చెప్పలేకపోతే తిట్టకండి. సోమవారం ల్యాబ్‌కు పంపండి, లంచ్ బ్రేక్‌లో అక్కడే ఉంటాను.